ఆ చేత్తో కాదు

పొద్దున తొమ్మిదిన్నరకి పాత గేర్ల సైకిలు అటక మీద నుంచి దిగింది. దిగింది అనడం మర్యాద కోసం. తమ్ముడు పైనుంచి వదిలేశాడు, అది వచ్చి బెండక్క కాళ్ళకి జానెడు దూరంలో పడింది.

"చెప్పి వదలొచ్చు కదరా."

"చెప్పాను."

"ఎవరికి?"

"నాకు."

సైకిలుతో పాటు పాతికేళ్ళ దుమ్ము కూడా దిగింది. షాపు ముందు కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఆ దుమ్ములో కాసేపు కనపడకుండా పోయాడు. దగ్గు మాత్రం వినపడింది. దగ్గులో కూడా తిట్టగల మనిషి ఆయన. వీళ్ళిద్దరికీ నాన్న, వీధికి పెద్దాయన, షాపుకి ఇంకా యజమాని.

చక్రాల బెండు తీస్తుంది కాబట్టి ఆమెని అందరూ బెండక్క అంటారు. బెండకాయతో సంబంధం లేదని కొత్తవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఈ మధ్య సంబంధం ఉందనే చెబుతోంది. షాపు బోర్డు మీద పెద్దాయన పేరు, పక్కన "అండ్ సన్" అని ఉంటుంది. సన్ తర్వాత ఇంకో మాట పట్టేంత ఖాళీ మిగిలింది. అక్కడ గాలిపంపు బొమ్మ వేయించారు.

బెండక్క సైకిలు లేపి గోడకి ఆనించింది. కొండలెక్కడానికి చేసిన సైకిలు. లావు గొట్టాలు, వెడల్పు టైర్లు, ఒకప్పుడు ఆకుపచ్చ అని ఒప్పుకోవాల్సిన రంగు. దాని మీద తమ్ముడు పందేలకి వెళ్ళేవాడు. ఓసారి ఇరవై మందిలో పంతొమ్మిదో వాడిగా వచ్చాడు. ఇరవయ్యో వాడు దారి తప్పి వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళిపోయాడు.

"విప్పేద్దాం," అన్నాడు తమ్ముడు నిచ్చెన దిగుతూ. "బ్రేకులు అడిగేవాళ్ళున్నారు. గేర్ల సెట్టు అడిగేవాళ్ళున్నారు. మధ్యాహ్నం ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. ఏ ముక్కకి ఆ ముక్క పోతే అటక ఖాళీ."

"చక్రాలు?"

"చక్రాలెవరిక్కావాలి? తుక్కు."

"అవి నేను కట్టిన మొదటి జతరా. విప్పొద్దు. మొత్తంగా బాగు చేద్దాం. తుప్పు గీకి, వైర్లు మార్చి, రంగు ముట్టుకోకుండా."

"ఎందుకు?"

ఎందుకో చెబితే వాడు నవ్వుతాడు. చెప్పకపోయినా నవ్వాడు.

బెండక్క వెనక చక్రం ఊడదీసి టైరు లాగేసి కిటికీ దగ్గరున్న స్టాండుకి ఎక్కించింది. ఎడమ చేత్తో చాక్‌పీసు తీసుకుని, రిమ్ముకి తగిలీ తగలనట్టు పట్టుకుని, చక్రం తిప్పింది. ఎక్కడ బెండు ఉంటే అక్కడ సుద్ద గీత పడుతుంది. చక్రం తిరిగి తిరిగి ఆగింది. అటక మీద నుంచి పడినా ఎక్కడా గీత లేదు.

"ఆ చేత్తో కాదు," అంది కుర్చీ.

పెద్దాయన అటు చూడలేదు కూడా. చూడక్కర్లేదు. ఆమె ఎడమ చెయ్యి లేస్తే ఆయన వీపుకి తెలుస్తుంది. అన్నం తినేటప్పుడు, కాగితం అందుకునేటప్పుడు, టీ గ్లాసు పట్టుకునేటప్పుడు, ఆమె పుట్టినప్పటి నుంచి ఇంట్లో నిమిషానికోసారి మోగే మాట అది. గోడ గడియారానికి కీ ఇవ్వడం మర్చిపోయినా ఆ మాటతోనే ఇల్లు నడిచేది.

"గీత పడలేదు నాన్నా. చూడు."

"చాక్‌పీసు తడిసుంటుంది."

"పొడిగానే ఉంది."

"వినపడలేదు."

పెద్దాయనకి చెవుడు. సమయం చూసుకుని వచ్చే చెవుడు. లారీ హారన్ వినపడదు గానీ, పక్క వీధిలో ఎవరైనా స్పోకు జారవిడిస్తే అది ఏ సైజుదో చెబుతాడు.

లేచి వచ్చి, గాలి కొట్టే వాల్వు కోసం రిమ్ముకి పెట్టిన రంధ్రంలోంచి ఒంటికన్నుతో చూశాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. ఆ రంధ్రంలోంచి చూస్తే చక్రం మధ్యలో హబ్బు మీద కంపెనీ పేరు కనబడాలి. హబ్బు మన మొహం చూడాలి. ఈ హబ్బు చూడటం లేదు. పేరు అవతలికి తిరిగి, నున్నటి వెనక భాగం ఇటు పెట్టింది. స్పోకుల అల్లిక కూడా అద్దంలో చూసినట్టు ఎడమా కుడీ మారిపోయి ఉంది.

"వీపు తిరిగిన చక్రం," అన్నాడు. "పుర్రచేతి పని. కట్టినప్పుడే నీ వీపు విమానం మోత మోగించాల్సింది."

"మోగించావుగా."

"వినపడలేదు."

ఆయన అప్పుడు వీపు మీద కాదు, నట్లు బిగించే స్పోకు కీతో ఎడమ చేతి కణుపు మీద కొట్టాడు. అక్కడ చిన్న గుంట ఉండిపోయింది. సరిగ్గా స్పోకు నట్టు పట్టేంత. పని మధ్యలో నట్టు పెట్టుకోవడానికి పనికొస్తుందని బెండక్క అప్పుడప్పుడూ అంటుంది. విన్నవాళ్ళకి నవ్వాలో వద్దో తెలియదు.

*

మధ్యాహ్నం వచ్చినాయన జేబులోంచి భూతద్దం తీశాడు. షాపులో కాలు పెట్టీ పెట్టకముందే తీశాడు. నమస్కారం కూడా దాని లోంచే పెట్టాడనిపించింది. పాత సైకిళ్ళు పోగేస్తాడట. ఆయన ఇంట్లో మంచాలకి చోటు లేక మనుషులు వరండాలో పడుకుంటారట. వచ్చే వారం ఊళ్ళో పాత సైకిళ్ళ ప్రదర్శన పెడుతున్నాడట.

"బ్రేకులు చూపించండి," అన్నాడు.

తమ్ముడు బ్రేకులు చూపించాడు. భూతద్దం బ్రేకుల మీద నుంచి ఫ్రేము మీదకి, ఫ్రేము మీద నుంచి స్టాండు మీదున్న చక్రం మీదకి పాకింది. వాల్వు రంధ్రం దగ్గర ఆగిపోయింది. ఆయన కన్ను దానికి ఆనించి లోపలికి చూశాడు.

"ఇది... ఇది పెద్దాయన కట్టిందే కదా?"

తమ్ముడు నోరు తెరిచాడు. భూతద్దం ఆగలేదు.

"మా ఇంట్లో మూడు జతలున్నాయి, ఈ షాపులో కట్టినవి. మూడూ ఇంతే. హబ్బు పేరు వెనక్కి దాచేస్తారు. అల్లిక తిరగేస్తారు. లోకంలో ఇంకెవరూ ఇలా కట్టరు. ఎంత ఆలోచించానో! చివరికి అర్థమైంది. కంపెనీ పేరు కాదు, కట్టినవాడి చెయ్యి కనబడాలని! ఇది పెద్దాయన సంతకం. అవునా, కాదా?"

బెండక్క పెద్దాయన వైపు చూసింది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మామూలుగా ఆ కుర్చీలో ఆయన నిటారుగా ఉండేది ఫొటో తీసినప్పుడే.

"ఆఁ," అన్నాడు. "అది నా పద్ధతి."

ఈసారి అన్నీ వినపడ్డాయి ఆయనకి.

"సైకిలు మొత్తంగా ఇవ్వండి," అన్నాడు భూతద్దం. "విప్పకండి, మీ పుణ్యం ఉంటుంది. మధ్యలో పెడతాను. కార్డు రాయిస్తాను, చక్రాలు ఫలానా పెద్దాయన చేతి పని అని. స్పోకు పుల్లలు తుప్పు పట్టాయి, అవి మార్చండి. కానీ అల్లిక అదే ఉండాలి. పెద్దాయన చేత్తోనే. ఎల్లుండి వస్తాను."

"మా నాన్నే కడతారు," అన్నాడు తమ్ముడు.

పెద్దాయన కడతాడు అంటే ఆ షాపులో అర్థం బెండక్క కడుతుందని. పెద్దాయన వేళ్ళు స్పోకు ముట్టుకోక ఎనిమిదేళ్ళయింది. ఆ సంగతి గాలిపంపుకి కూడా తెలుసు.

భూతద్దం వెళ్ళగానే తమ్ముడు గోడకి ఆనించిన సైకిలుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో లోపలికి తీసుకెళ్ళాడు. పొద్దున దాన్ని ఎనిమిదడుగుల ఎత్తు నుంచి పారేసింది ఎవరో వేరే వాళ్ళన్నట్టు.

"బాగు చేద్దాం అక్కా. నువ్వన్నట్టే."

"విప్పేద్దాం," అంది బెండక్క.

"ఏంటి?"

"నువ్వన్నట్టే. ఏ ముక్కకి ఆ ముక్క. గొట్టాలు నీవి, చక్రాలు నావి. నా చక్రాలు నేను తీసుకుపోతాను."

"పొద్దున బాగు చేద్దామన్నావు."

"పొద్దున అవి నేను కట్టిన చక్రాలు."

తమ్ముడు వాకిట్లోకి ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క కార్డు అక్కా. ముసలాయన. ఆయన సంతోషం కోసం."

"నా చెయ్యి చూశావా?"

"చూశానులే. చిన్నప్పటి నుంచీ చూపిస్తూనే ఉన్నావు."

"నేను చేస్తే పుర్రచేతి పని. ఆయన చేస్తే సంతకమా?"

జవాబు దొరకనప్పుడు తమ్ముడు కోప్పడతాడు. "ఫ్రేము నాది! నాన్న నాకు కొన్న సైకిలు అది! నువ్వు విప్పడానికి లేదు!" అని అరిచాడు. ఈ మాట వీధి చివరి దాకా వినపడింది. పెద్దాయనకి మాత్రం వినపడలేదు.

*

మర్నాడు ఇద్దరూ ఒకే సైకిలుకి అటొకరు ఇటొకరు కూర్చుని, మాట్లాడుకోకుండా పని చేశారు. తమ్ముడు బ్రేకులు విప్పి తుప్పు వదలడానికి కిరసనాయిలు డబ్బాలో నానేశాడు. గేర్ల వైరు లాగాడు. సగానికి తెగింది. తెగినందుకు అక్క వైపు చూశాడు. సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోతే నూనె పోసి, పట్టకారు వేసి, ఒక పూటంతా దాన్ని తిట్టాడు. ఏ తిట్టు కుదిరిందో గానీ కిర్రుమంటూ కదిలింది.

మాటలు కావాల్సి వస్తే సామాను మీద పెట్టి అనుకున్నారు.

"ఈ నట్టుకి ఎంత పొగరో," అంది బెండక్క.

"ఈ చైనుకి ఎంత కుళ్ళో," అన్నాడు తమ్ముడు.

మధ్యాహ్నం పెద్దాయన వచ్చి వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. బెండక్క చక్రం ఒళ్ళో పెట్టుకుని పుల్లలు కోసే కట్టర్ పట్టుకుంది. పుల్లల్ని కోస్తే చక్రం ఇక చక్రం కాదు. మధ్యలో హబ్బు, చుట్టూ రిమ్ము, పక్కన ముప్పై ఆరు తుప్పు ముక్కలు. పదిహేడేళ్ళప్పుడు ఆ పుల్లల్ని ఒక్కొక్కటీ ఈ గదిలోనే ఎక్కించింది. అప్పుడూ ఆయన గుమ్మంలో ఇలాగే నిలబడ్డాడు. చేతిలో స్పోకు కీ ఉంది.

"ఆ భూతద్దం వాడు చెప్పాడుగా, అదే అల్లిక," అన్నాడు పెద్దాయన. "నా పద్ధతిలో కట్టు."

కట్టర్ ఆగింది.

"ఏ పద్ధతి నాన్నా?"

"నా పద్ధతి."

"నువ్వు నాకు నేర్పిన పద్ధతా?"

ఆయన ఆమెని చూశాడు. ఆ చూపులో ఆయనకి అన్నీ తెలుసనీ, తెలుసని ఒప్పుకోడనీ, ఒప్పుకోనందుకు తప్పు కూడా ఆమెదేననీ ఉంది. "నేర్పింది కాక ఇంకేం పద్ధతుంది నీకు?" అనేసి కర్ర టకటకలాడిస్తూ వెళ్ళిపోయాడు.

బెండక్క కట్టర్‌తో మొదటి పుల్ల కోసింది. టింగుమంది. రెండోది. మూడోది. కొన్ని తెగుతూ పాడాయి, కొన్ని తుప్పుకి గొంతు పోయి ఊరికే రాలాయి. రెండు చక్రాలకీ కలిపి డెబ్భై రెండు పుల్లలు రేకు బకెట్టులో పడ్డాయి. తమ్ముడు తలెత్తి చూసి, అక్క దారికొచ్చిందనుకుని, ఈల వేసుకున్నాడు.

హబ్బు తుడిచింది. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే కంపెనీ పేరు మెరిసింది. ఎడమ అరచేతిలో పట్టుకుంది. పేరు తనంతట తనే అరచేతిలోకి వెళ్ళి దాక్కుంది. ఆ చెయ్యి హబ్బుని పట్టుకునే తీరే అంత. దాని కోసం ఎవరూ ఆలోచించలేదు, సంతకాలు పెట్టలేదు.

ఆమె హబ్బుని కుడి చేతిలోకి మార్చుకుంది.

కుడి చేత్తో కట్టడం ఆమెకి రానిదేం కాదు, ఇష్టం లేనిది. ఒక్కో పుల్ల ఎక్కించి, రిమ్ముకి పట్టించి, నట్టు రెండు చుట్లు తిప్పి, మళ్ళీ వాల్వు రంధ్రంలోంచి చూసుకుంది. తప్పు పడిన చోట విప్పి మళ్ళీ ఎక్కించింది. పది పుల్లలకోసారి ఎడమ చెయ్యి దానంతట అదే లేచేది. "ఆ చేత్తో కాదు," అని తనే చెప్పుకుంది, అచ్చం ఆయన గొంతులో. తమ్ముడు ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాడు.

సాయంత్రానికి రెండు చక్రాలూ అయ్యాయి. స్టాండుకెక్కించి, చాక్‌పీసు పట్టుకుని, తిప్పింది. గీత లేదు. టైర్లు వేసి గాలి కొట్టి సైకిలుకి బిగించింది.

"బానే ఉన్నాయే," అన్నాడు తమ్ముడు. వాడు జన్మలో ఏ చక్రానికీ వాల్వు రంధ్రంలోంచి చూసిన పాపాన పోలేదు.

*

మూడో రోజు భూతద్దం ఎండ ముదరకముందే వచ్చాడు. చేతిలో అట్టకార్డు. నల్ల సిరాతో "చక్రాలు:" వరకూ రాసి ఉంది. మిగతాది సైకిలు చూశాక, పెద్దాయన ఎదురుగా రాయాలని ఆయన ముచ్చట. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా ఇదివరకు తమ్ముడి పెళ్ళిలోనే బయటికొచ్చింది.

సైకిలు ఎండలో నిలబడి ఉంది. తమ్ముడు దాని హ్యాండిలు తుడవడం అయిపోయినా, తన మొహం కనబడేంత వరకూ తుడుస్తున్నాడు. భూతద్దం సైకిలు చుట్టూ తిరిగాడు. "ఆహా," అన్నాడు బ్రేకుల దగ్గర. "ఆహాహా," అన్నాడు గేర్ల దగ్గర. వెనక చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని పుల్లల మధ్యలోంచి తొంగి చూశాడు.

అద్దం చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ముందు చక్రం దగ్గరికి పాకాడు. మళ్ళీ వెనక చక్రం దగ్గరికి వచ్చాడు. ప్యాంటు దులుపుకోకుండానే లేచాడు.

"హబ్బు పేరు వాల్వుకి సూటిగా ఉంది. అల్లిక అందరూ కట్టేదే. ఇది ఎవరైనా కడతారు. పెద్దాయన పద్ధతి ఏది?"

తమ్ముడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అక్కా!"

"నాన్న నేర్పినట్టే కట్టాను సార్," అంది బెండక్క, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ. "కుడి చేత్తో. హబ్బు మన మొహం చూసేట్టు. ఒక్క పుల్ల అటూ ఇటూ లేదు. కావాలంటే నాన్ననే అడగండి, సరిగ్గా ఉందో లేదో."

భూతద్దం పెద్దాయన వైపు తిరిగాడు. పెద్దాయన చక్రం చూశాడు. పని చేసినన్నాళ్ళూ ఆయన ఇలాంటి చక్రం కోసమే అరిచాడు. ఒక్క వంక దొరికితే బాగుండని ఉంది ఆయన మొహంలో. దొరకలేదు.

"పాత పుల్లలు?" అన్నాడు భూతద్దం నీరసంగా.

"బకెట్టులో ఉన్నాయి."

ఆయన బకెట్టులోకి చూసి, శవాన్ని గుర్తుపట్టినట్టు తలాడించాడు. "ఇక మొత్తం సైకిలు నాకెందుకండీ. బ్రేకులు, గేర్లు విప్పి ఇచ్చెయ్యండి."

"సార్, సార్," అన్నాడు తమ్ముడు. "నాన్న మళ్ళీ కడతారు. పాత పద్ధతిలో. ఇవాళే."

"కట్టనీ," అంది బెండక్క.

షెల్ఫు మీద నుంచి ఒక ఖాళీ రిమ్ము, ఒక హబ్బు, గుప్పెడు పుల్లలు తీసుకొచ్చి పెద్దాయన ఒళ్ళో పెట్టింది. "మొత్తం అక్కర్లేదు నాన్నా. మొదటి వరస తొమ్మిది పుల్లలు చాలు. వీపు తిప్పి, అల్లిక తిరగేసి. నీ సంతకమేగా." తర్వాత భూతద్దంతో అంది. "ఆయన పెడితే ఆయన పేరే రాసుకోండి. నేను నోరెత్తను, మీరడిగినట్టు ఈ చక్రాలు మళ్ళీ అల్లి ఇస్తాను, సైకిలు మొత్తంగా తీసుకుపోండి. పెట్టలేకపోతే ఎవరు కట్టారో ఆయన నోటితోనే చెప్పాలి. రెండూ కాదంటే ఇప్పుడే విప్పేద్దాం. ఏ ముక్కకి ఆ ముక్క. చక్రాలు నేను ఇంటికి తీసుకుపోతాను."

"వినపడలేదు," అన్నాడు పెద్దాయన.

కానీ చెయ్యి హబ్బు మీదకి వెళ్ళింది. కుడి చెయ్యి. బొటనవేలు కంపెనీ పేరుని తడిమి పట్టుకుని తన వైపు తిప్పుకుంది. మొదటి పుల్ల ఎక్కించాడు. రెండోది. మూడోది. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా వేళ్ళు మర్చిపోలేదు. మర్చిపోకపోవడమే వచ్చిన చిక్కు. రంధ్రంలోంచి చూశాడు. హబ్బు ఆయన మొహం చూస్తోంది.

విప్పాడు. హబ్బుని బలవంతాన వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుగో పుల్ల దగ్గర అల్లిక తనంతట తనే మామూలు దారికొచ్చేసింది. అటు పుల్ల ఇటు రావాలి. వేలు అటే వెళుతోంది. మూడోసారి పుల్ల రంధ్రమే తప్పింది. ఇస్త్రీ చొక్కా వీపు తడిసింది.

తమ్ముడు నేల చూశాడు. మూత తీసిన కలం పట్టుకున్న భూతద్దం, సిరా ఆరిపోతుందని ఓసారి విదిలించాడు.

పెద్దాయన పుల్లలన్నీ లాగేసి కింద పడేశాడు. ఒక్కోటి ఒక్కో సైజు శబ్దం చేసింది. అన్నీ వినపడ్డాయనడానికి ఆయన కనురెప్పలే సాక్ష్యం.

"ఏమే," అన్నాడు. పళ్ళ మధ్యలోంచి. "చూస్తావేంటి గుడ్లప్పగించి? పట్టుకో." అని హబ్బు చాచాడు.

బెండక్క చెయ్యి చాపింది. చిన్నప్పటి నుంచి నేర్పినట్టే, బుద్ధిగా, కుడి చెయ్యి.

పెద్దాయన హబ్బు వదల్లేదు. ఆమె చేతిని చూశాడు. తర్వాత ఏప్రన్ పక్కన వేలాడుతున్న రెండో చేతిని, దాని కణుపు మీద గుంటని చూశాడు. దవడ రెండుసార్లు కదిలింది.

"ఆ చేత్తో కాదు," అన్నాడు.

బెండక్క కుడి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కొంచెం ముందుకి వంగి, చెవి ఆయన వైపు పెట్టింది.

"వినపడలేదు నాన్నా," అంది. "కాస్త గట్టిగా చెప్పు. సార్ రాసుకోవాలి."